ఆదివారం ఆగిపోయే సోలార్

ప్రశ్న: మా మున్సిపల్ ఆఫీసు డాబా మీద 20 కిలోవాట్ల సోలార్ ప్లాంటు పెట్టారు. మొదట్లో బిల్లు బాగా తగ్గింది, ఇప్పుడు అంతగా తగ్గడం లేదు. పైగా కరెంటు పోతే మిట్టమధ్యాహ్నం కూడా ఫ్యాన్లు ఆగిపోతున్నాయి. లోపం ఎక్కడుంది?
– ఒక వార్డు కౌన్సిలర్, గుంటూరు జిల్లా

జవాబు: ఫ్యాన్లు ఆగడం లోపం కాదు. పలకల కరెంటును ఆఫీసు వాడకానికి పనికొచ్చేలా మార్చే పెట్టె ఇన్వర్టరు. బ్యాటరీ లేనిదైతే అది లైన్లో సప్లై ఉంటేనే నడుస్తుంది, పోగానే రెండు సెకన్లలోపు ఆగిపోవాలి. లేకపోతే రిపేరుకు స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మీ డాబా మీది కరెంటే షాకు కొడుతుంది. కోతల్లోనూ కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు (లైన్‌తోనూ బ్యాటరీతోనూ నడిచేది), బ్యాటరీ పెట్టి, కంప్యూటర్లకూ కొన్ని లైట్లకూ మాత్రం వేరే సర్క్యూట్ తీయించండి. ఏసీలను దానికి తగిలించొద్దు.

ఇక బిల్లు. మన ఎండకు కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు, అంటే మీకు నెలకు సుమారు 2,400 రావాలి. వానాకాలంలో తగ్గుతుంది. ముందు ఇన్వర్టరు డిస్‌ప్లేలో నెల లెక్క చూడండి. అది బాగానే ఉంటే ఆఫీసులో వాడకం పెరిగిందన్నమాట, లేదా నెట్ మీటరులో ఎక్స్‌పోర్ట్ రీడింగు (మీరు లైన్లోకి పంపిన యూనిట్లు) బిల్లుకెక్కడం లేదు.

డిస్‌ప్లేలోనే తక్కువుంటే ఆదివారాల లెక్క విడిగా తీయండి. చాలామంది చూడనిది ఇదే. సెలవు రోజు ఆఫీసులో వాడకం ఉండదు, కరెంటంతా లైన్లోకి పోతుంది, వోల్టేజీ పెరుగుతుంది. ఫేజుకు సుమారు 253 వోల్టులు దాటితే ఇన్వర్టరు తనంతట తనే ఆగిపోతుంది. ఫాల్ట్ లాగ్‌లో 'గ్రిడ్ ఓవర్ వోల్టేజ్' అని కనిపిస్తుంది. ఇన్వర్టరు నుంచి మీటరు దాకా వేసిన కేబుల్ సన్నగా, పొడుగ్గా ఉంటే ఈ బాధ ఎక్కువ. లావు కేబుల్ వేయించండి. అప్పటికీ తగ్గకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (దాని వోల్టేజీని కాస్త పెంచే, తగ్గించే ఏర్పాటు) మార్చమని కరెంటు పంపిణీ సంస్థ డిస్కంకు రాయండి. ఇన్వర్టరులో ఆ వోల్టేజీ హద్దు సెట్టింగ్ పెంచేస్తే సరిపోతుందనే మెకానిక్ మాట వినకండి.

మిగిలింది దుమ్ము, నీడ. తెల్లవారుజామున మెత్తటి మాప్‌తో కడిగించండి. ఉప్పునీటి బోరైతే తెల్లటి చారలు మిగులుతాయి. వాటర్ ట్యాంకు నీడ డిసెంబరులోనే పొడుగ్గా సాగుతుంది, ఒక్క పలక మీద పడినా ఆ వరస దిగుబడి పడిపోతుంది.

ప్రశ్న: డాబా చాలకపోతే? సబ్సిడీ వస్తుందా?
– అదే పాఠకుడు

జవాబు: కిలోవాటుకు దాదాపు 10 చదరపు మీటర్లు కావాలి. చండీగఢ్‌లో ప్రభుత్వ భవనాల కప్పులతో ఆగకుండా, సెక్టార్ 39 వాటర్‌వర్క్స్ జలాశయం మీద 2 మెగావాట్ల తేలియాడే ప్లాంటు పెట్టారు. మంచినీటి చెరువున్న పట్టణాలు దాన్ని చూడొచ్చు. కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకే, ఆఫీసులకు రాదు. కంపెనీయే పెట్టుబడి పెట్టి యూనిట్ లెక్కన వసూలు చేసుకునే రెస్కో పద్ధతి ఉంది. ఒప్పందంలో ఏడాదికి కనీస ఉత్పత్తి, తగ్గితే జరిమానా, కడిగే బాధ్యత ఎవరిదో రాయించుకోండి.