పియానో లేని బొమ్మ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను కాబట్టి కాస్త గట్టిగానే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

పక్కింటి వయొలిన్ వింటూ బొమ్మ వేసే నీ చిత్రకారుడు నాకు నచ్చాడు. అద్దె గది, కిటికీకి అడ్డం కట్టిన పాత చీర, బ్రష్షులు కడుక్కునే హార్లిక్స్ సీసా, అన్నీ నమ్మాను. "రాగం అతని నరాల్లోకి పాకింది, కుంచె దానంతటదే నాట్యమాడింది" అన్న దగ్గర మాత్రం నమ్మలేకపోయాను. కుంచె దానంతటదే నాట్యమాడితే ఆ బొమ్మ పాడైపోతుంది నాన్నా. రొమాంటిక్ చిత్రకారులంతా (ఆవేశానికీ ఊహకీ పెద్దపీట వేసిన 19వ శతాబ్దపు తొలినాళ్ళవాళ్ళు) కవిత్వం నుంచీ సంగీతం నుంచీ స్ఫూర్తి పొందినవాళ్ళేగా, నేను రాసిందీ అదేగా అని ఉత్తరంలో అడిగావు. పొందారు, నిజమే. ఎలా పొందారో దగ్గరికెళ్ళి చూద్దాం రా.

ఫ్రెంచి చిత్రకారుడు దెలాక్రువా సంగతి తీసుకో. 1822లో పారిస్ అధికారిక చిత్ర ప్రదర్శన అయిన సాలోన్‌లో మొదటిసారి ఓ పెద్ద బొమ్మ పెట్టాడు. అప్పటికి 24 ఏళ్ళు అప్పుడప్పుడే నిండుతున్నాయి. ఇటలీ కవి దాంతే తన కావ్యంలో నరకంలోని నదిని ప్రాచీన కవి వర్జిల్‌తో కలిసి పడవలో దాటుతుంటే పాపులు నీళ్ళలోంచి లేచి పడవని పట్టుకుంటారు, అదీ ఘట్టం. ఆ బొమ్మలో అన్నిటికంటే బాగా కుదిరిన తల ఏదో, ఎలా కుదిరిందో 31 ఏళ్ళ తర్వాత డైరీలో రాసుకున్నాడు. పడవ అంచు మీద చెయ్యి వేసి, మనకేసి తిరిగి, పైకి ఎక్కబోతున్నవాడి తల అది. అది వేస్తున్నప్పుడు స్నేహితుడొకడు పక్కన కూచుని దాంతే కావ్యంలో ఒక సర్గ పైకి చదువుతున్నాడట. ఆ సర్గ దెలాక్రువాకి తెలిసిందే. అయినా చదివేవాడి గొంతులో ఉన్న ఊపు తనకి కరెంటు షాకులా తగిలిందనీ, ఆ తలని ఒక్క ఊపులో వేసేశాననీ రాశాడు.

కథ అతనికి ముందే వచ్చు. గొంతే కొత్త. నువ్వు ఎప్పుడైనా నీకు బాగా తెలిసిన పద్యాన్ని వేరేవాళ్ళ చేత పైకి చదివించుకున్నావా? ఒకసారి చేసి చూడు. ఫోన్లో రికార్డింగు కాదు, మనిషి పక్కన ఉండాలి.

ఆ మధ్య మావాడి దగ్గరికి వెళ్ళినప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఈ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. ముందువైపు ఉన్న ఒంటి మీద నీటిబొట్లు చూడాలని వంగితే, వెనక్కి జరగమని కాపలా ఆవిడ సైగ చేసింది. అప్పటికే చూసేశాను. ఒక్కో బొట్టూ ఏమిటనుకున్నావు? ఓ ఎర్రటి గీత, పసుపు, ఆకుపచ్చ, పక్కనే తెల్లటి చుక్క. నీటి రంగంటూ అందులో ఎక్కడా లేదు. ఆవిడ మాట విని రెండడుగులు వెనక్కి వేశానో లేదో, తడి ఒళ్ళు నిగనిగలాడింది. నీ కథలో "కన్నీరు" అన్న మాట ఏడుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను.

పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు వెయ్యడం కూడా దెలాక్రువాకి పట్టలేదు. ఇంగ్లీషు కవి బైరన్ 1821లో సార్దనపాలుడనే అసిరియా రాజు మీద నాటకం అచ్చేశాడు. ఓడిపోతున్న ఆ రాజు తనవాళ్ళని తప్పించుకుపొమ్మని పంపేసి చితి పేర్పించుకుంటాడు. చివరికి అతనితో మిగిలేది మిర్రా అనే ఒక్క స్త్రీ, చితికి నిప్పు పెట్టేది కూడా ఆమే. దెలాక్రువా బొమ్మలో చూడు: దాదాపు 5 మీటర్ల వెడల్పు కాన్వాసు, ఏనుగు తలలున్న మంచం, దాని చుట్టూ చంపుతున్న కత్తులు, చస్తున్న ఆడవాళ్ళు, లాక్కొస్తున్న గుర్రం. రాజు తలకింద చెయ్యి పెట్టుకుని అదంతా చూస్తూ పడుకున్నాడు. ఆ ఊచకోత బైరన్ రాసింది కాదు. 1827-28 సాలోన్‌లో జనం ఆ బొమ్మని తిట్టిపోశారు. లూవ్ర్‌కి అది చేరింది 1921లో. నాకు మటుకు ఇప్పటికీ ఆ బొమ్మంటే పూర్తి ఇష్టం లేదు, అందులో క్రూరత్వం కాస్త ముచ్చటపడుతూ వేసినట్టుంటుంది. కానీ కవి దగ్గర పేరూ చితీ అప్పు తీసుకుని తన పీడకల తాను కన్నాడు చూశావా, ఆ ధైర్యం నీకు కావాలి. మూలకర్తలకి కోపం వస్తుందేమోనని భయపడకు. ఇదే దెలాక్రువా "ఫౌస్ట్" నాటకానికి వేసిన బొమ్మలు రెండు 1826లో దాని రచయిత, 77 ఏళ్ళ జర్మన్ కవి గేటే చేతికొచ్చాయి. తను ఊహించుకున్నదాన్ని ఇతను దాటిపోయాడని ముసలాయన మెచ్చుకున్నాడు.

ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ వరస వేరు. మంగలి కొడుకు, లండన్ మనిషి, కవిత్వమంటే పిచ్చి. ప్రదర్శన కేటలాగులో తన బొమ్మల కింద పద్యాలు వేయించేవాడు. ఇతరులవి చాలక సొంతవీ రాసుకున్నాడు. ఆ పద్యాలు గొప్పగా ఉండవు, మనలో మన మాట. 1812లో ప్రాచీన కార్తేజ్ సేనాని హన్నిబాల్ సైన్యం ఆల్ప్స్ దాటే బొమ్మకి కూడా అలాంటివే తగిలించాడు. ఆ బొమ్మ ఎలా పుట్టిందో యార్క్‌షైర్‌లో అతను దిగిన ఇంటివాళ్ళబ్బాయి తర్వాత చెప్పాడు. కొండల మీద గాలివాన వస్తుంటే టర్నర్ గుమ్మంలో నిలబడి ఒక ఉత్తరం వెనక గబగబా గీసుకున్నాడట. అయ్యాక, "రెండేళ్ళలో దీన్ని మళ్ళీ చూస్తావు, హన్నిబాల్ ఆల్ప్స్ దాటడం అంటారు దాన్ని" అన్నాడట. చరిత్ర పుస్తకం నుంచి వచ్చింది పేరు. వాన మాత్రం యార్క్‌షైర్‌ది. బొమ్మలో హన్నిబాల్ కోసం వెతుకు, దూరాన చీమంత ఏనుగు కనబడితే నీ అదృష్టం.

ఇక సంగీతం. నీకు అసలు తంటా ఇక్కడే.

1849 ఏప్రిల్ 7న పియానో విద్వాంసుడు, స్వరకర్త షోపాన్ బండిలో షికారుకి బయల్దేరితే దెలాక్రువా కూడా వెళ్ళాడు. షోపాన్‌కి అప్పటికే ఒంట్లో బాగాలేదు, ఆ అక్టోబరులోనే 39 ఏళ్ళకి పోయాడు. సంగీతంలో తర్కం ఎక్కడుంటుందని చిత్రకారుడు అడిగాడు. ఒకే పలుకుని ఒక గొంతు తర్వాత ఇంకో గొంతు అందుకుంటూ పోయే ఫ్యూగ్ ఉంది చూడు, సంగీతంలో స్వచ్ఛమైన తర్కమంటే అదేనని షోపాన్ చెప్పాడు. తోటి స్వరకర్త బెర్లియోజ్ మీద ఓ విసురు కూడా విసిరాడు: ముందు స్వరాల గుత్తులు అక్కడక్కడ పెట్టుకుని మధ్య ఖాళీలు ఎలాగోలా పూడుస్తాడని. (నీ కథలో మూడో భాగం చదువుతుంటే నాకు ఈ మాటే గుర్తొచ్చింది.) ఆ రోజు డైరీలో దెలాక్రువా రాసుకున్నది స్ఫూర్తి గురించి జనం అనుకునేదానికి నేరుగా ఎదురు: కళ అంటే ఎక్కడి నుంచో ఊడిపడే ఆవేశం కాదని. చచ్చిపోతున్న సంగీతకారుడి దగ్గర కూచుని అతను నేర్చుకున్నది లెక్క.

జర్మనీలో చిత్రకారుడు ఫ్రీడ్రిక్ లాంటివాళ్ళు చీకటిగదిలో వెనక దీపం పెట్టి, సంగీతం వినిపిస్తూ చూపించాల్సిన పారదర్శక చిత్రాలు కూడా వేశారు. అవిప్పుడు లేవు. నాకు వాటికంటే నోహాన్ సంగతి ఇష్టం.

నోహాన్ అంటే ఫ్రెంచి నవలా రచయిత్రి, షోపాన్ సహచరి జార్జ్ శాండ్ పల్లెటూరి ఇల్లు. 1842 వేసవిలో దెలాక్రువా అక్కడున్నాడు. తోటవైపు కిటికీలోంచి షోపాన్ వాయిద్యం తెరలు తెరలుగా వస్తుందనీ, అందులో నైటింగేల్ పాటా గులాబీల వాసనా కలిసిపోతాయనీ స్నేహితుడికి ఉత్తరం రాశాడు. అచ్చం నీ కథే కదా! అలా వింటూ అక్కడ ఏం వేశాడో తెలుసా? లోదుస్తులు కుట్టించుకోడానికి ఇంట్లో ఉంచుకున్న గుడ్డ మీద, కూతురికి చదువు చెబుతున్న తల్లిని వేశాడు. చిన్నపిల్లగా ఉన్న ఏసు తల్లి మేరీ, ఆమె తల్లి ఆన్. పియానో లేదు, పిట్ట లేదు, గులాబీ లేదు.

నీ వయసులో నేనూ ఇదే తప్పు చేశాను. ఒక కచేరీ విన్న మత్తులో తెల్లారేసరికి కథ రాసి పత్రికకి పంపాను. రాగం పేరు, గమకాలు, తలూపడాలు, అన్నీ దట్టించాను. ఎడిటర్ గారు కార్డు ముక్క మీద రెండే వాక్యాలు రాసి తిప్పి పంపారు: "మీరు పాట విన్నారని తెలిసింది. మాకు వినబడలేదు." వారం రోజులు అన్నం సయించలేదు. ఆ కార్డు ఇంకా డ్రాయరులో ఉంది.

కాబట్టి ఇలా చెయ్యి. ఆ నరాలూ నాట్యమూ కొట్టేసి, పక్కింట్లో వయొలిన్ మోగుతుంటే నీవాడు కాన్వాసు మీద ఏం వేస్తున్నాడో రాయి. వయొలిన్‌తో సంబంధం లేనిదేదో వెయ్యనీ. మళ్ళీ పంపేటప్పుడు టెన్షన్ పడకు, ఆలస్యమైనా ఫర్వాలేదు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. 1838లో దెలాక్రువా, షోపాన్ పియానో వాయిస్తుంటే జార్జ్ శాండ్ వింటున్నట్టు ఇద్దరినీ ఒకే బొమ్మలో మొదలెట్టాడు. పూర్తి చెయ్యలేదు. 1863లో అతను పోయేదాకా అది స్టూడియోలోనే ఉండిపోయింది. తర్వాత ఎవరో దాన్ని రెండు ముక్కలుగా కోశారు. షోపాన్ తల లూవ్ర్‌లో ఉంది, నేను చూశాను. శాండ్ కోపెన్‌హాగెన్ దగ్గర్లోని మ్యూజియంలో ఉంది, ఆవిణ్ణి ఫోన్లోనే చూశాను. ఆ ముక్కలో పియానో లేదు, వాయించేవాడూ లేడు. ఆవిడ ఇంకా వింటూనే ఉంది.

ఉంటాను.