తాగుడు మానిన విశ్వాసి తనను తాను ఎవరిగా చూసుకోవాలి?

మీరు అడిగినది ఇది: ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కలుసుకునే బృందం) సమావేశంలో "నేను మద్యానికి బానిసను" అని పరిచయం చేసుకోమంటున్నారు, చర్చిలో "నువ్వు నూతన సృష్టివి, ఆ మాట ఇక నోట రానివ్వకు" అంటున్నారు. ఏది నమ్మాలి?

నేను రెండు చోట్లా కూర్చున్నవాణ్ణి. రెండూ నమ్మండి. మొదటిది నా శరీరం సంగతి: ఒక్క గ్లాసు ముట్టుకుంటే రెండో గ్లాసు ఆపడం నా చేతిలో ఉండదు. రెండోది నేను ఎవరి బిడ్డనో చెబుతుంది. మొదటిదాన్ని మరచినవాళ్లు "నాకు విడుదల వచ్చింది కదా" అంటూ పెళ్లి విందులో గ్లాసు అందుకోవడం చూశాను. రెండోదాన్ని మరచినవాళ్లు తమ మీద తమకున్న అసహ్యం భరించలేక మళ్లీ తాగడమూ చూశాను.

నాకు దారి చూపింది లూకా సువార్త 15వ అధ్యాయం. అందులో యేసు చెప్పిన కథలో, ఇల్లు విడిచి వెళ్లి ఆస్తి పాడుచేసుకున్న తప్పిపోయిన కుమారుడు తండ్రితో చెప్పాల్సిన మాటలు దూరదేశంలోనే సిద్ధం చేసుకుంటాడు: నీ కుమారుడనని అనిపించుకోవడానికి యోగ్యుణ్ణి కాను, నన్ను కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో అని. 19వ వచనం పక్కన 21వ వచనం పెట్టి చదవండి. తండ్రి ఎదుట మొదటి సగమే చెప్పాడు. కూలి మాట ఎత్తకముందే తండ్రి వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మని దాసులను పురమాయించాడు. పాపం ఒప్పుకుంటే విన్నాడు, కూలివాడిగా ఉంటాననే మాట మాత్రం రానివ్వలేదు. తాగుడు మానిన తొలి నెలల్లో నేను ఆ కూలివాడిలాగే బతికాను. వెనక వరుసలో కూర్చోవడం, ప్రభురాత్రి భోజనానికి ముందే లేచి వెళ్లిపోవడం, భార్య మెచ్చుకుంటే తల తిప్పుకోవడం. అదంతా వినయమనుకున్నాను. లోపలున్నది సిగ్గు.

సిగ్గును ఒంటరిగా మోస్తే పెరుగుతుంది. పాపాలను ఒకరితో ఒకరు ఒప్పుకోమని యాకోబు పత్రిక 5:16 చెప్పింది అందుకే. తాగుడు నుంచి బయటపడటానికి ఆల్కహాలిక్స్ అనానిమస్ చెప్పే పన్నెండు మెట్లలో ఐదోది కూడా దేవుని ఎదుట, మన ఎదుట, మరో మనిషి ఎదుట తప్పులు ఒప్పుకోవడమే. నమ్మదగిన ఒక్కరు చాలు. వేదిక మీద సాక్ష్యం చెప్పమని తొందరపెడితే ఇప్పుడే వద్దనండి. అందరి ముందు చప్పట్లు అందుకున్న మనిషి కాలు జారితే మళ్లీ ఆ గుమ్మం తొక్కడానికి ప్రాణం ఒప్పదు. సంఘ పెద్దలు ఇది గ్రహించాలని మనసారా కోరుకుంటున్నాను.

మీరు ఇప్పటికే మానేశారు గానీ, ఇది చదివే మరొకరి కోసం చెబుతున్నాను. రోజూ బాగా తాగేవారు ఉపవాస ప్రార్థనలో కూర్చుని ఒక్కసారిగా మానేయకూడదు. మూర్ఛలు, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. ఆయన ఇచ్చే బి1 విటమిన్, ఇతర మందులు వేసుకోవడం అవిశ్వాసం కాదు. దారి తెలియకపోతే భారత ప్రభుత్వ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

ప్రభురాత్రి భోజనంలో పులిసిన ద్రాక్షారసం ఇచ్చే చర్చి అయితే పాస్టర్ గారికి ముందే చెప్పి రొట్టె మాత్రం తీసుకోండి. ఎప్పుడైనా మళ్లీ తాగితే ఆ ఆదివారం చర్చి మానకండి, ఆ వారం సమావేశమూ మానకండి. అలాంటి రోజున మొదట ఎవరికి ఫోను చేయాలో ఇప్పుడే నిర్ణయించుకుని, ఆ మనిషికి ముందుగా చెప్పి ఉంచండి.