గాజు కంటే ముందు బ్రాకెట్

అమ్మాయీ,

ఆశీస్సులు. ఆఫీసు భవనానికి యూనిటైజ్డ్ కర్టెన్ వాల్ (ఫ్యాక్టరీలో ఫ్రేముతో సహా తయారై వచ్చే గాజు పలకల బయటి గోడ) కంప్యూటర్ మోడల్ చేసే పని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. మోడలింగ్ సాఫ్ట్‌వేర్ రెవిట్ తెరవగానే చాలామంది గాజు పలకలు పరిచేస్తారు. నువ్వు పలకను స్లాబ్ అంచుకు పట్టి ఉంచే బ్రాకెట్ దగ్గర మొదలుపెట్టు. గాజు సైటుకు చేరడానికి నెలలు పడుతుంది కానీ, బ్రాకెట్‌ను పట్టుకునే కాస్ట్-ఇన్ ఛానల్ (కాంక్రీటులో ఇమిడిపోయే ఉక్కు గాడి) స్లాబ్ పోయకముందే సెంట్రింగ్ మీద కూర్చోవాలి. దాని స్థానం తేలనప్పుడు ఎంత అందమైన మోడలైనా ఆలస్యమైనట్టే.

దానికంటే ముందు ఒక చిన్న పని. స్ట్రక్చర్ వాళ్ల మోడల్‌ను షేర్డ్ కోఆర్డినేట్స్‌తో (రెండు మోడళ్లకూ ఒకే మూలబిందువు) లింక్ చేసి, ఒక గ్రిడ్ కూడలి రెండింటిలోనూ ఒకేచోట పడుతోందా అని కొలిచి చూసుకో.

ఇక బ్రాకెట్. 1500 × 3600 మిల్లీమీటర్ల పలకలో 6+12+6 గాజు (రెండు 6 మిల్లీమీటర్ల గాజులు, మధ్య 12 ఖాళీ) పెడితే, చదరపు మీటరుకు 30 కిలోల చొప్పున ఒక్క గాజే 162 కిలోలు. ఇటు పలకలో సగం, అటు పలకలో సగం కలిసి దాదాపు ఒక పలక బరువు, ఫ్రేముతో సహా, ఒక్కో బ్రాకెట్ మీద పడుతుంది. ఆ ముక్క మూడు వైపులా సర్దుకోవాలి: ఛానల్ వెంబడి ఎడమకూ కుడికీ, పొడుగు రంధ్రంలో లోపలికీ బయటికీ, హుక్ మీది లెవలింగ్ బోల్టుతో పైకీ కిందికీ. చాలా మోడళ్లలో బ్రాకెట్ సరిగ్గా మధ్యలో బిగించినట్టు గీసి వదిలేస్తారు. అప్పుడు నేవిస్‌వర్క్స్ (మోడల్‌లో వస్తువులు ఒకదానికొకటి తగులుతున్నాయా అని చూసే సాఫ్ట్‌వేర్) క్లాష్ సున్నా అని చూపిస్తుంది, సైటులో మాత్రం స్పానర్ తిప్పే చోటు కూడా ఉండదు. స్లాబ్ అంచుకు ±25 మిల్లీమీటర్ల తేడా ఒప్పుకున్నారనుకో, బ్రాకెట్ కదిలే ఆ మొత్తం చోటును ఒక ఘనాకారంగా ఫ్యామిలీలోనే (రెవిట్‌లో ఆ వస్తువు నమూనా) గీసి, వేరే సబ్‌కేటగిరీలో పెట్టు. క్లాష్ పరీక్ష దానితోనే నడుపు. స్లాబ్ అంచుకూ ఫ్రేముకూ మధ్య నింపే ఫైర్‌స్టాప్‌ను (మంటలు పై అంతస్తుకు పాకకుండా ఆపేది) కూడా ఖాళీగా వదలకు, వస్తువుగానే గీయి.

స్లాబ్ పోస్ట్-టెన్షన్‌దైతే (పీటీ, అంటే కాంక్రీటు గట్టిపడ్డాక లోపలి ఉక్కు కేబుళ్లను లాగి బిగించేది) ఇంకా జాగ్రత్త. కేబుళ్ల యాంకర్లు వచ్చేదీ అంచులోనే, నీ ఛానల్ వచ్చేదీ అక్కడే. పీటీ షాప్ డ్రాయింగులు అడిగి తెప్పించుకుని ఆ యాంకర్లను మోడల్‌లో పెట్టు. ఛానల్ తప్పిపోయిందని తర్వాత డ్రిల్ చేసి బోల్టు వేయబోతే కేబుల్ తెగే ప్రమాదం ఉంది.

పలక మీద పలక కూర్చునే స్టాక్ జాయింట్‌ను మూడు స్థితుల్లో చూపించు: మామూలుగా, పూర్తిగా మూసుకున్నప్పుడు, పూర్తిగా తెరుచుకున్నప్పుడు. 3.6 మీటర్ల అల్యూమినియం 50 డిగ్రీల తేడాకు 4 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. దానికి స్లాబ్ వంగే కొలత కలపాలి, ఆ అంకె స్ట్రక్చరల్ ఇంజినీరే చెప్పాలి, నువ్వు ఊహించకూడదు. పూర్తిగా తెరుచుకున్నప్పుడు గాస్కెట్ (జాయింటులోని రబ్బరు పట్టీ) ఇంకా అంటుకునే ఉందా? లేదంటే నీళ్లు లోపలికి వస్తాయి.

హైదరాబాదులో చేసిన పలక ఫ్యామిలీని విశాఖ ప్రాజెక్టుకు అలాగే కాపీ చేయకు. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం ప్రాథమిక గాలి వేగం హైదరాబాదులో సెకనుకు 44 మీటర్లు, విశాఖలో 50. ఒత్తిడి వేగం వర్గాన్ని (స్క్వేర్) బట్టి పెరుగుతుంది కాబట్టి, మిగతావన్నీ సమానమైనా దాదాపు 29 శాతం ఎక్కువ. మూలల్లో ఇంకా ఎక్కువ.

షెడ్యూల్ (పలకల కొలతల పట్టిక) తీసేటప్పుడు యూనిట్ల రౌండింగ్ తగ్గించి చూడు. తెరమీద 1500 అని కనిపించేది లోపల 1499.6 ఉండొచ్చు. కట్టింగ్ లిస్టులో అది ఇంకో కొత్త సైజైపోతుంది. వంపు గోడల్లో ఇది తప్పకుండా ఎదురవుతుంది.

స్లాబ్ పడ్డాక ప్రతి బ్రాకెట్ దగ్గరా టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో అంచు కొలిపించి, ఆ బిందువులను మోడల్‌లోకి తెచ్చుకో. 15 మిల్లీమీటర్ల లోపు తేడా పచ్చ, 25 దాకా పసుపు, దాటితే ఎరుపు. ఎరుపు చోట్లకు పొడుగు బ్రాకెట్లు కావాలని ఫ్యాక్టరీకి ముందే చెప్పు, పలకలు క్రేన్‌కు వేలాడుతున్నప్పుడు కాదు.

పలక నంబర్లు ఒకసారి ఇచ్చాక మార్చకు. ఒక పలక రద్దయితే దాని నంబరు కూడా రద్దే, ఇంకోదానికి ఇవ్వొద్దు. పాత డ్రాయింగు చేతిలో పట్టుకున్న కార్మికుడు ఆ నంబరునే నమ్ముతాడు.

ఆశీస్సులతో,
బాబాయి