అద్దె ఇంటి విద్యుత్ నివేదికలో సీ2 వస్తే
ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మీరుంటున్న అద్దె ఇంటి విద్యుత్ తనిఖీ నివేదికలో లోపం తీవ్రతను తెలిపే కోడ్‌గా సీ2 వచ్చినా, "అది సలహా మాత్రమే, తర్వాత చూద్దాం" అని యజమాని దాటవేస్తున్నారన్నారు. ఆ మాట చెల్లదు. సలహా అంటే సీ3. దానికి మరమ్మతు తప్పనిసరి కాదు. సీ2 అంటే ప్రమాదానికి ఆస్కారం ఉందని అర్థం. ఇంగ్లండ్‌లో అద్దె ఇళ్ల విద్యుత్ భద్రతపై ఉన్న 2020 నిబంధనల ప్రకారం యజమాని కనీసం ఐదేళ్లకోసారి తనిఖీ చేయించాలి. సీ2 లోపాన్ని తనిఖీ జరిగిన 28 రోజుల్లో, నివేదికలో అంతకన్నా తక్కువ గడువు రాసి ఉంటే ఆలోపే, సరిచేయించాలి. పని పూర్తయినట్టు ఎలక్ట్రీషియన్ ఇచ్చే ధ్రువీకరణ నకలు మీకూ అందాలి.

ఫోనులో బతిమాలడం మానండి. తనిఖీ తేదీ ప్రస్తావిస్తూ ఈమెయిల్ పెట్టండి, రేపు అదే మీకు ఆధారం. గడువు దాటితే నివేదిక నకలుతో స్థానిక కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి. లోపం ఎక్కడుందో నివేదికలోనే రాసి ఉంటుంది. అది విద్యుత్ షవర్‌దైతే మాత్రం బాగుచేసేదాకా దాన్ని వాడకండి.