నాన్నని అడిగిందెవరు?

ప్రశ్న: నాకు 20 ఏళ్లు. బైపీసీ చదివి నీట్ రెండుసార్లు రాశాను, సీటు రాలేదు. ఇప్పుడు మూడోసారి లాంగ్ టర్మ్‌లో ఉన్నాను. నాకు లా చదవాలని ఉంది, కానీ నాన్న ఒప్పుకోరు. అమ్మ చేత చెప్పిస్తే 'ఎంబీబీఎస్ అయ్యాక లా కూడా చదువుతుందట' అని చెప్పింది. నాన్న సరేనని కోచింగ్ ఫీజు కట్టేశారు. లా ఎంట్రన్స్ పరీక్ష క్లాట్ ఫీజు ఆయనకి తెలియకుండా అమ్మ తన డబ్బుతో కట్టింది. ఆ మెసేజ్ నాన్న చూశారు. అప్పటి నుంచి అమ్మతో మాట్లాడటం లేదు. లా, మెడిసిన్‌లలో నా భవిష్యత్తుకి ఏది మంచిది?

జవాబు: రెండూ మంచివే. కష్టపడేవాళ్లకి రెండింట్లోనూ జీవితం ఉంది. నువ్వు అడిగినదానికి నా జవాబు ఇంతేనమ్మా. ఇక నువ్వు అడగనిదాని గురించి మాట్లాడుకుందాం.

నీ ఉత్తరం మూడు పేజీలు ఉంది. ఇక్కడ కొంతే వేశాం. అందులో 'నాన్న ఒప్పుకోరు' అని నాలుగుచోట్ల రాశావు. 'నేను నాన్నని అడిగాను' అని ఎక్కడైనా ఉందేమోనని మళ్లీ మొదటి నుంచి చదివాను. లేదు. అమ్మ చెప్తుంటే గది తలుపు పక్కన నిలబడి విన్నానని ఉంది. నాన్న టీవీ సౌండు కూడా తగ్గించకుండా 'సరే, చూద్దాం' అన్నారని ఉంది. ఆయన ఒప్పుకున్నది నువ్వు అడగని సంగతికి. ఆ మాట నమ్మే ఫీజు కట్టారు. ఇప్పుడు మోసపోయానని ఆయన అనుకుంటుంటే నేను కాదనలేను.

అమ్మ మాట మార్చిందని కోపం తెచ్చుకోకు. ఏళ్ల తరబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసే మనిషికి ఏ మాటని ఎంత మెత్తగా చేస్తే ఇంట్లో గొడవ రాదో చేతికి అలవాటైపోతుంది. నేనూ ఇలాగే చేశాను. నాకు చూసిన సంబంధం వద్దని మా అమ్మ చేత చెప్పించాను. అది మా నాన్న చెవిన పడేసరికి 'ఇంకో ఏడాది ఆగుదామంటోంది' అయింది. ఏడాది తిరిగేసరికి ఆ సంబంధంవాళ్లు మళ్లీ వచ్చి హాల్లో కూర్చున్నారు! అప్పుడు నా తప్పుకి తిట్లు తిన్నది అమ్మే. ఈ వయసులోనూ అది తలుచుకుంటే నాకు సిగ్గుగానే ఉంటుంది.

నువ్వు వకీలు కావాలనుకుంటున్నావు. సంతోషం. కానీ నీ మొదటి కేసు వాదించడానికి అమ్మని పెట్టుకున్నావు. ఆవిడ ఓడిపోయింది, శిక్ష కూడా ఆవిడకే పడింది. నువ్వు తలుపు పక్కనే ఉన్నావు.

ముందు ఆ 'ఎంబీబీఎస్ అయ్యాక లా' అనే రాజీని పక్కన పెట్టు. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది, ఆ పైన మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. ఇవాళ సీటు వచ్చినా తొమ్మిదేళ్లకి దగ్గర. అంత చదివినా రెండు పనులూ ఒకేసారి చేయడానికి లేదు. మహారాష్ట్రలో ఒక సర్జన్ వైద్యం చేసుకుంటూనే వకీలుగా నమోదవుతానని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఏదో ఒకటే చేయాలని 1996లో కోర్టు తేల్చేసింది. అమ్మ సర్దుబాటు మాట ఇంట్లో ఆ పూటకి పనికొచ్చింది, నీ జీవితానికి పనికిరాదు.

ఇంకొకటి. నీకు లా కావాలా, నీట్ నుంచి తప్పించుకోవాలని ఉందా? రెండుసార్లు సీటు రానివాళ్లకి పక్క దారి ఏదైనా పచ్చగానే కనిపిస్తుంది. మూడు పేజీల్లో లా ఎందుకు ఇష్టమో రెండే లైన్లు రాశావు, అందులో ఒకటి 'బయాలజీ చూస్తేనే టెన్షన్' అని. అది లా మీద ఇష్టం కాదు. ఒక రోజు జిల్లా కోర్టుకి వెళ్లి వెనక బెంచీలో కూర్చో. విచారణలు మామూలుగా ఎవరైనా చూడొచ్చు. సినిమా వాదనలేవీ ఉండవు. పేరు పిలుస్తారు, నల్లకోటు ఒకటి లేచి ఏదో అడుగుతుంది, వాయిదా పడుతుంది, ఇంకో పేరు. సాయంత్రం దాకా అది చూశాక కూడా మర్నాడు వెళ్లాలనిపిస్తే నీ ఇష్టం నిజమే.

నాన్న అడగబోయేవి కూడా తెలుసుకునే వెళ్లు. ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సు. వకీలుగా పనిచేయాలంటే పట్టాతో పాటు బార్ పరీక్ష కూడా పాసవ్వాలి. చాలామందికి జూనియర్‌గా మొదటి ఏళ్లలో చేతికొచ్చేది తక్కువ. 'జడ్జి అవుతాను' అని గొప్పగా చెప్పేస్తావేమో, నేరుగా సివిల్ జడ్జి పరీక్ష రాయడానికి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవన్నీ దాచి ఒప్పించావంటే అది మళ్లీ అమ్మ పద్ధతే.

మీ నాన్న మొండివాడే కావచ్చు. నాకు తెలియదు, నిజానికి నీకూ తెలియదు. కానీ మూడుసార్లు ఫీజు కట్టిన మనిషికి కూతురి నోటితో నిజం వినే హక్కుంది. టీవీ ఆపమని నువ్వే అడుగు. లా గురించి తర్వాత. మొదటి మాట 'క్లాట్ ఫీజు కట్టమని అమ్మని అడిగింది నేనే నాన్నా' అని ఉండాలి. ఆయన అరవచ్చు, లేచి వెళ్లిపోవచ్చు. మర్నాడు మళ్లీ వెళ్లు. చదువు సంగతి నెల ఆలస్యమైనా కొంపలు మునగవు, అమ్మానాన్నల మధ్య ఆ మౌనం మాత్రం నువ్వు తెచ్చిపెట్టిందే.

అమ్మకి ముందే చెప్పు, ఈసారి నేనే మాట్లాడతాను, నువ్వు మధ్యలోకి రావద్దని. అయినా వస్తుంది. వస్తే పక్కన కూర్చోమను, మాట మాత్రం నువ్వే పూర్తి చెయ్యి.