పండుగ పెట్టెలో ఏమి పెట్టాలి?

ప్రశ్న: మా అపార్ట్‌మెంటులోని పన్నెండు కుటుంబాలు కలిసి రూ.12,000 పోగు చేశాము. పాడేరు వైపు ఉన్న ఒక బాలికల ఆశ్రమ పాఠశాలలో 48 మంది పిల్లలకు సంక్రాంతి కానుకగా తలా ఒక పెట్టె ఇవ్వాలని మా సంకల్పం. చాక్లెట్లు, బొమ్మ, గౌను పెడదామంటే డబ్బు చాలడం లేదు. ఎలా సర్దుకోవాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందుగా మీరు లెక్కను కొద్దిగా మార్చుకోవాలి. 48 మందికి అని కాక 50 మందికి అని వేసుకోండి. మీరు వెళ్లే నాటికి కొత్తగా చేరిన పిల్లలు ఒకరిద్దరు ఉండవచ్చు. అందరూ అందుకుంటుండగా ఒక్క పిల్ల చేతులు ఖాళీగా మిగిలితే ఆ రోజు మీరు చేసిన పని మొత్తం ఆ పిల్ల ముఖంలోనే కనబడుతుంది. అప్పుడు తలకు రూ.240 వస్తుంది. గౌనులు ఈ మొత్తానికి రావు, వచ్చినా కొలతలు కుదరవు. ఆ ఆలోచన పూర్తిగా మానుకోండి.

రెండవది, పెట్టె. అట్టపెట్టె, దానిపై మెరుపు కాగితం, రిబ్బను కలిసి మీ సొమ్ములో గణనీయమైన భాగాన్ని తినేస్తాయి, విప్పిన మరునాటికి చెత్తలో చేరతాయి. దానికి బదులు దర్జీల దగ్గర మిగిలిన కట్‌పీసులు అడిగి తెచ్చుకుని, మీలో కుట్టుమిషను ఉన్నవారు ఇద్దరు ముగ్గురు కూర్చుని నాడా దూర్చిన గుడ్డ సంచులు కుట్టండి. ఒక్కొక్క సంచి ఒక్కొక్క రంగులో ఉన్నా ఫరవాలేదు, పైగా ఎవరి సంచి ఏదో తేలికగా గుర్తుపట్టవచ్చు. హాస్టలులో సబ్బు, దువ్వెన విడిగా దాచుకోవడానికి ఆ సంచి ఏడాది పొడవునా పనికివస్తుంది.

ఇక లోపలి వస్తువులు. పాడేరు, చింతపల్లి వంటి కొండ ప్రాంతాలలో డిసెంబరు, జనవరి నెలల చలి ఎంతటిదో విశాఖలో ఉన్న మీకు వేరే చెప్పనక్కరలేదు కాబట్టి, రూ.240లో సగం, అంటే రూ.120, ఉన్ని టోపీకి, ఒక జత మేజోళ్లకు కేటాయించండి. మరొక రూ.60తో సబ్బు, చిన్న కొబ్బరినూనె సీసా, జడ రిబ్బన్లు, పేలదువ్వెన కొనవచ్చు. పేలదువ్వెన అనగానే కొందరు ముఖం చిట్లిస్తారు గాని, పిల్లలు పక్కపక్కనే పడుకునే చోట అంతకంటె అవసరమైన వస్తువు నాకు తోచడం లేదు. రూ.40కి ఒక నోటుపుస్తకం, పెన్సిలు, రబ్బరు, షార్ప్‌నర్ వస్తాయి. మిగిలిన రూ.20కి పల్లీ చిక్కీ ప్యాకెట్లు తీసుకోండి; వాటిపై తయారీ తేదీ, గడువు తేదీ ముద్రించి ఉన్నవే కొనండి. ఇంట్లో వండిన అరిసెలు, జంతికలు ఎంత ప్రేమతో చేసినా, ఏ పిల్లకైనా కడుపునొప్పి వస్తే జవాబు చెప్పవలసినది అక్కడి వార్డెనే కనుక, అవి వద్దు.

మీ ఊరి పూర్ణా మార్కెట్ వంటి చోట టోకుగా కొంటే డజన్ల లెక్కన ఇస్తారు. 50 కోసం నాలుగు డజన్లు, విడిగా రెండు అని అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి నోటుపుస్తకాలు, పెన్సిళ్లు, రబ్బర్లు, షార్ప్‌నర్లపై జీఎస్టీ లేదు. సబ్బు, తలనూనెలపై 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అందువలన పాత ధర ముద్రించిన సరుకు చూపితే బేరం ఆడడానికి మొహమాటపడకండి.

సర్దేటప్పుడు నూనె సీసా మూత విప్పి, మూతి మీద చిన్న పాలిథిన్ ముక్క పరచి, మూతను తిరిగి గట్టిగా బిగించండి. ఘాట్ రోడ్డు మలుపులలో ఒక్క సీసా కారితే చాలు, నోటుపుస్తకాలన్నీ జిడ్డు పడతాయి. సబ్బును చిక్కీతో కలిపి పెట్టకండి. రెండు గంటలలోనే చిక్కీకి సబ్బు వాసన పట్టేస్తుంది.

కొనడానికి ముందే ప్రధానోపాధ్యాయురాలితో మాట్లాడండి. అనుమతి ఎవరి నుంచి కావాలో ఆమే చెప్తారు, పిల్లలకు నిజంగా కొరవడినది ఏమిటో కూడా ఆమెకే తెలుసు. ఆమె చెప్పినదాన్ని బట్టి నా జాబితాను నిస్సంకోచంగా మార్చుకోండి. ఒక్క మాట: సంక్రాంతికి కాక డిసెంబరు మొదటి వారంలోనే ఇవ్వండి. పండుగకు పిల్లలు ఇళ్లకు వెళ్లిపోతారు, అప్పటికి చలికాలం సగం గడిచిపోతుంది కూడా.

ప్రశ్న: మేము ఒక అనాథ బాలల గృహానికి కానుకలు ఇస్తున్నాము. చందా ఇచ్చినవారికి చూపడానికి ప్రతి బిడ్డతో ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టవచ్చునా? మా ఇంటి శుభకార్యాలలో మిగిలిపోయిన రిటర్న్ గిఫ్టులు కూడా పెట్టెల్లో వేయవచ్చునా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఫోటోలు తీయకండి. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపడేలా పేరు గాని, ఫోటో గాని ప్రచురించడాన్ని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షను నిషేధిస్తుంది. చందాదారులకు కొనుగోలు బిల్లులు, సర్దిన పెట్టెల ఫోటో, గృహం వారి రసీదు చాలును. రిటర్న్ గిఫ్టుల విషయానికి వస్తే, కుంకుమభరిణె పదేళ్ల పిల్లవాడికి దేనికి? స్టీలు గిన్నెలు, పళ్లేల వంటివి ఉంటే వంటశాలకు విడిగా ఇవ్వండి.

ప్రశ్న: మా చర్చిలో ‘ఆపరేషన్ క్రిస్మస్ చైల్డ్’ కోసం చెప్పుల పెట్టెల్లో కానుకలు సర్దుతున్నారు. మిఠాయిలు, టూత్‌పేస్టు వద్దంటున్నారు, ఎందుకు? తక్కువ ఖర్చుతో ఎలా నింపాలి?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: 1990లో వేల్స్‌లోని రెక్సమ్ పట్టణంలో రుమేనియా అనాథ పిల్లల కోసం మొదలైన ఈ కార్యక్రమాన్ని 1993 నుంచి సమారిటన్స్ పర్స్ అనే క్రైస్తవ సంస్థ నడుపుతున్నది. పెట్టెలు ఎన్నో దేశాల కస్టమ్స్ దాటి వెళ్లాలి కాబట్టి తినుబండారాలు, టూత్‌పేస్టు, ద్రవాలు, మందులు, పగిలే వస్తువులు, వాడిన వస్తువులు తీసుకోరు. పెట్టెకు 10 డాలర్ల రవాణా విరాళం విడిగా అడుగుతారు. మీ బడ్జెట్‌లో ముందు అది తీసి పక్కన పెట్టండి. ఒక్కొక్క పెట్టెను ఒక వయసు వర్గం పిల్లల కోసం సర్దాలి; ఆ వర్గాలు మూడు: 2–4, 5–9, 10–14 ఏళ్లు. అమెరికాలో పాఠశాలలు తెరిచే ముందు, అంటే జూలై, ఆగస్టు నెలల్లో, నోటుపుస్తకాలు, క్రేయాన్లు బాగా చవకగా దొరుకుతాయి. అప్పుడే కొని దాచుకుంటే పెట్టెలు సేకరించే నవంబరు నాటికి చేతిలో ఉంటాయి. ఈ పెట్టెలు అందించే చోట మతబోధ కూడా జరుగుతుంది. మీకు అది సమ్మతమైతేనే సర్దండి.