రాయగడ పల్లెల్లో తిరిగిన నాలుగేళ్లను దాచకండి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. అక్కడ ఒక స్వచ్ఛంద సంస్థలో నాలుగేళ్లు సర్వే పర్యవేక్షకురాలిగా పని చేశాను. పెళ్లయి కెనడాలోని ఆటవా వచ్చి ఏడు నెలలైంది. పర్మనెంట్ రెసిడెన్సీ ఉంది. కార్యక్రమాలు అనుకున్న ఫలితం ఇచ్చాయో లేదో పరిశీలించే ఎవాల్యుయేషన్ రంగంలో స్థిరపడాలని కోరిక. అందరూ ముందు ఏదైనా డేటా సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూద్దాం. మీరు పంపిన రెజ్యూమేలో ఆ నాలుగేళ్లకూ కలిపి ఉన్నవి రెండే మాటలు, ‘డేటా సేకరణ’ అని. చూడగానే ఒళ్లు మండింది. పదిహేడేళ్ల క్రితం ఈ ఊరు వచ్చినప్పుడు నేనూ అచ్చం అదే రాసుకున్నాను.

మాది గుణుపురం. ఒకప్పుడు మా జట్టు చుట్టుపక్కల సవర పల్లెల్లో చేతిపంపుల సర్వే చేసింది. ‘పంపు పని చేస్తోందా?’ అన్నది ప్రశ్న. ఏ ఇంట అడిగినా ‘చేస్తోంది’ అన్నారు. మూడో రోజు సాయంత్రం ఒక ముసలమ్మ వాగు నుంచి నీళ్లకుండ ఎత్తుకుని వస్తూ ఎదురైంది. పంపు ఉండగా ఇంత దూరం ఎందుకని అడిగాను. పంపు నీళ్లు తుప్పు వాసన వేస్తాయి, అన్నం రంగు మారుతుంది, పశువులకు పోస్తాం అంది. పంపు పని చేస్తూనే ఉంది మరి! తాగుతున్నారా అని మేమే అడగలేదు. పైగా మేము వెళ్లింది ఆ పంపులు వేయించిన సంస్థ జీపులో. జీపు దిగినవాడి మొహం మీద ‘బాగాలేదు’ అని ఎవరంటారు?

ఇక్కడి పుస్తకాల భాషలో పంపు వేయడం ఔట్‌పుట్, ఆ ఇంటివాళ్లు మంచినీళ్లు తాగడం ఔట్‌కమ్. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీకి చెందిన అభివృద్ధి సహాయ కమిటీ 1991లో ఐదు ప్రమాణాలు పెట్టింది: కార్యక్రమం అవసరమైనదేనా, అనుకున్నది సాధించిందా, ఖర్చుకు తగ్గ పని జరిగిందా, ప్రభావం ఏమిటి, నిధులు ఆగాక నిలుస్తుందా. 2019లో ఆరోది చేర్చారు: చుట్టూ జరుగుతున్న మిగతా పనులతో పొసుగుతోందా. ఆ ముసలమ్మ ఒక్క మాటలో ఇందులో సగం ప్రశ్నలకు జవాబిచ్చేసింది.

కాబట్టి రెజ్యూమేలో అసలు పని రాయండి. ఎన్ని ఊళ్లు, ఎన్ని ఇళ్లు, ఏ భాషల్లో? ఒడియా ప్రశ్నావళిని అక్కడి కోందుల భాష కువిలోకి మార్చినప్పుడు ఏ మాట దగ్గర చిక్కు వచ్చింది? దాన్ని మరొకరి చేత తిరిగి ఒడియాలోకి చెప్పించి సరిచూశారా? ఇంటికి వెళ్లకుండానే చెట్టుకింద కూర్చుని నింపిన ఫారాలను ఎలా పట్టుకున్నారు? ఇవన్నీ ఇక్కడ జీతమిచ్చే నైపుణ్యాలు. మన పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని నిఘంటువు, వ్యాకరణం రాశారు. జనం మాటను జనం దగ్గరే నేర్చుకోవాలన్న ఆ పట్టుదల ఈ వృత్తికి కూడా కావాలి.

ఇక అర్హతలు. కెనడియన్ ఎవాల్యుయేషన్ సొసైటీ 2009 నుంచి ‘క్రెడెన్షియల్డ్ ఎవాల్యుయేటర్’ గుర్తింపు ఇస్తోంది. పీజీ స్థాయి చదువు, గత పదేళ్లలో రెండేళ్ల ఎవాల్యుయేషన్ అనుభవం చూపించాలి. ఐదు విభాగాల సామర్థ్యాల్లో ఒక్కో దానిలో కనీసం 70 శాతం మీకున్నాయని మీ పని నుంచే ఉదాహరణలు రాయాలి. ఆ విభాగాల్లో సాంకేతిక పద్ధతులు ఒకటి మాత్రమే. మనుషులతో మెలగడం, స్థానిక పరిస్థితి అర్థం చేసుకోవడం, పని నిర్వహణ, తన పనిని తానే ప్రశ్నించుకోవడం మిగతా నాలుగు. మీ పాత సంస్థ నుంచి మీరు చేసిన పని వివరాలతో ఒక ఉత్తరం ఇప్పుడే తెప్పించుకోండి. అక్కడ మనుషులు మారిపోతారు, ఫైళ్లు చెదలు పడతాయి. డబ్బూ తీరికా ఉంటే ఆటవాలోనే కార్ల్‌టన్ విశ్వవిద్యాలయం ఈ విషయంలో పీజీ డిప్లొమా నడుపుతోంది.

ఆటవాలో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) శాఖలు తమ కార్యక్రమాలను తామే ఎవాల్యుయేషన్ చేయించుకుంటాయి, అవకాశాలున్నాయి. కానీ చాలా ఉద్యోగాలకు ఫ్రెంచ్ అడుగుతారు. భయపడకండి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో కువి మాట్లాడి పెరిగినవారికి ఇంకో భాష పెద్ద బరువు కాదు.

సాఫ్ట్‌వేర్ విషయం: ఎక్సెల్ గట్టిగా వస్తే మొదలుపెట్టడానికి చాలు, గణాంకాలకు వాడే ‘ఆర్’ మెల్లగా నేర్చుకోవచ్చు. అంతకంటే ముందు రెండు పేజీల్లో నివేదిక రాయడం సాధన చేయండి. అరవై పేజీల నివేదికను ఏ డైరెక్టరూ చదవడు, మొదటి రెండు పేజీలు చదివి సమావేశానికి వెళ్లిపోతాడు.

ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రం ‘మూల్యాంకనం చేస్తున్నాను’ అని చెప్పకండి. పదో తరగతి పేపర్లు దిద్దుతున్నానని మా అత్తగారు పదేళ్లు అనుకున్నారు.

రెజ్యూమే తిరగరాసి పంపండి, చూస్తాను. అందులో మళ్లీ ‘డేటా సేకరణ’ అని కనబడితే అక్కడే ఆపేస్తాను.